నీటిమట్టం పట్టికలో లేని రాళ్ళు

వేసవి ముదిరేకొద్దీ గుంటూరు, పల్నాడు ఊళ్ళలో పేపరు తెరిచినవాళ్ళు ముందుగా వెతికేది జలాశయాల నీటిమట్టాల పట్టికను. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. ఈ రోజు ఎంత ఉంది, పైనుంచి ఎంత వస్తోంది, కిందికి ఎంత వదులుతున్నారు అన్నదంతా ఆ నాలుగు గడుల్లో ఉంటుంది. కుడికాలువకు నీళ్ళు ఎప్పుడు వస్తాయో, మిరప నారు ఎప్పుడు పోసుకోవాలో రైతులు ఆ అంకెలను బట్టే లెక్క వేసుకుంటారు. బ్రాడీపేటలో అద్దె ఇంట్లో ఉండే నాకు సెంటు పొలం కూడా లేదు. అయినా ఇరవై ఏళ్ళుగా ఆ పట్టిక చూసిన తరువాతే మిగతా పేజీలు తిప్పుతున్నాను. నీళ్ళు ఎంత దిగితే జలాశయాల్లో మునిగిన పాత కట్టడాల్లో ఏ గోడ ఎండకు వస్తుందో, ఎన్ని రోజులు ఎండుతుందో, మళ్ళీ ఎప్పుడు మునుగుతుందో నాకు చెప్పేవి కూడా ఆ అంకెలే.

ఈ అలవాటుకు మూలం మా తాతయ్య, అమ్మకు నాన్న. మాచర్ల దగ్గరి పల్లె ఆయనది. నాగార్జునకొండ లోయలో తవ్వకాలకు కూలికి వెళ్ళిన ఎంతోమందిలో ఆయన ఒకరు. సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. కృష్ణ నీళ్ళు ఆ లోయను ముంచేస్తాయని ముందే తెలిసినందువల్ల పురావస్తు సర్వేక్షణ శాఖ 1954లోనే ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలుపెట్టి 1960 వరకు సాగించింది. తాతయ్య మొదట తట్టలతో మట్టి మోశారు. తరువాత, ఊడదీసిన రాళ్ళ మీద మేస్త్రీ రంగుతో అంకెలు వేస్తుంటే ఆ రంగు డబ్బా పట్టుకునే పని దొరికింది. చదువు రాని ఆయన అంకెలు నేర్చుకున్నది ఆ రాళ్ళ మీదే. నా చిన్నప్పుడు వరండాలో కూర్చుని ముంజేతిని చాచి, మోచేతి నుంచి వేలికొసల దాకా చూపించి, ఇంకొంచెం అవతలికి గాలిలో గీత గీసి, "ఇదిగో అబ్బాయ్, ఇంత పొడుగు ఇటుక. ఒక్కటి ఎత్తితే నడుం పట్టేది" అనేవారు. ఆయన చెప్పింది అతిశయోక్తి కాదని చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. అక్కడి మహాచైత్యానికి, అంటే పెద్ద బౌద్ధ స్తూపానికి, వాడిన ఇటుకలు సుమారు 20 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం కలిగినవి.

ఆ లోయ క్రీస్తుశకం 3, 4 శతాబ్దాలలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. అక్కడ ప్రాచీన స్తంభాలున్నాయని 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే ఉపాధ్యాయుడు ప్రభుత్వానికి తెలియజేయడంతో అది వెలుగులోకి వచ్చింది. 1927 నుంచి 1931 వరకు పురావస్తు శాఖకు చెందిన లాంగ్‌హర్స్ట్ తవ్వించారు. బోధిసిరి అనే ఉపాసిక (బౌద్ధ భక్తురాలు) వేయించిన శాసనం ఒకటి అక్కడ దొరికింది. కాశ్మీరం, గాంధారం, చైనా, తామ్రపర్ణి (శ్రీలంక) వంటి దేశాలలో ధర్మాన్ని వ్యాపింపజేసిన సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించినట్లు అందులో ఉంది. ఇంకా ఏయే చోట్ల ఏమేం కట్టించిందో వరుసగా చెప్పుకుంటూ, కంటకసేలలోని మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర రాతి మండపం కట్టించినట్లు కూడా ఆమె రాయించింది. ఆ కంటకసేలే కృష్ణా జిల్లాలోని మన ఘంటసాల. శివకుడనే మహానావికుడి పేరు ఘంటసాల శాసనంలో కనిపిస్తుంది. అంటే నది మీద లోపల ఉన్న రాజధానికీ, నది సముద్రంలో కలిసే చోట ఉన్న రేవుకూ మధ్య మనుషులు, దానాలు, ఓడలు నడిచిన దారి ఒకటి ఉండేది. ఆ దారిలో పై కొస ఇప్పుడు సాగర్ నీటి కింద ఉంది. కింది కొసను డెల్టా మట్టి కప్పేసింది.

ముంపుకు ముందు తీసిన శిల్పాలు, శాసనాలు నాగార్జునకొండ దీవి మీది ప్రదర్శనశాలకు చేరాయి. కొన్ని కట్టడాలను రాయి రాయికీ అంకె వేసి ఊడదీసి కొండ మీద, జలాశయం ఒడ్డున ఉన్న అనుపులో తిరిగి నిలబెట్టారు. అనుపులోని రంగస్థలం అలా వచ్చిందే. ఆరేళ్ళలో అంత పని చేసినవాళ్ళను తలచుకుంటే ఈ రోజుకీ చేతులు జోడించాలనిపిస్తుంది. నా బాధ ఆ తరువాత జరిగిన దాని గురించి. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలిన నాటి నుంచి, తీయగలిగింది తీశాం, మిగిలింది పోయింది అన్న లెక్కతో ఆ ఖాతా మూసేశాం. తీసినవి కొన్నే. పునాదులు, వీథులు, ఘాట్లు, తవ్వడానికి వ్యవధి చిక్కని నేల, ఆ పైన వందల ఏళ్ళ తరువాత వెలిసిన పల్లెల గుడులు, బావులు, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఒకసారి విజయపురి సౌత్ నుంచి లాంచీలో దీవికి వెళుతున్నప్పుడు, నోరు మెదపకుండా నిలబడి ఉన్న తాతయ్య ఉన్నట్టుండి, "ఇప్పుడు మనం బజారు మీదుగా పోతున్నాం" అన్నారు. చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ లేవు. రెండు కొండల మధ్య సందును, దీవి అంచును గురి చూసి ఆయన ఆ చోటును పట్టారని తరువాత అర్థమైంది.

నీటి కిందికి వెళ్ళింది నాశనమైపోయినట్టే అన్న భావన మనలో బలంగా ఉంది. అది సగమే నిజం. లోతైన చోట నేలకు అంటుకుని ఒండ్రు కప్పేసిన కట్టడానికి గాలి తగలదు, ఎండ తగలదు, వేళ్ళు చొచ్చుకుపోవు, మనుషుల చేతులు తగలవు. ప్రాణవాయువు చొరబడని బురదలో కర్ర కూడా వందల ఏళ్ళు నిలుస్తుంది. సాగర్ నిల్వ సామర్థ్యం మొదట్లో 408 టీఎంసీలు, ఇప్పుడు పట్టికల్లో వేసేది 312; శ్రీశైలానికి 308 ఉన్నది 215కు పడిపోయింది. రైతుకు అది నష్టం. ఆ తగ్గిన మేరకు అడుగున పేరుకున్న ఒండ్రు మాత్రం మునిగిన ఊళ్ళ మీద కప్పిన దుప్పటి లాంటిది.

నిజమైన విధ్వంసం జరిగేది అంచులో. పూర్తి మట్టానికీ కనిష్ఠ మట్టానికీ నడుమ ఏటా మునిగి తేలే పట్టీ ఒకటి ఉంటుంది. ప్రతి వేసవిలో అక్కడి రాయి ఎండి బీటలు తీస్తుంది, రాతిలోకి ఇంకిన లవణాలు గడ్డకట్టి పైపొరను పెచ్చులుగా ఊడగొడతాయి, నీరు దిగేటప్పుడు అలలు పునాది కింది మట్టిని లాగేస్తాయి, మళ్ళీ వరద వచ్చి నానబెడుతుంది. అమెరికాలో జాతీయ పార్కుల సంస్థ జలాశయాల ముంపు మీద చేయించి 1981లో వెలువరించిన అధ్యయనం కూడా, పురాతన అవశేషాలకు ఎక్కువ హాని జరిగేది లోతైన నీటిలో కాదని, నీరు ఎక్కి దిగే ఆ అంచులోనే అని తేల్చింది. మన దగ్గర ఆ పట్టీకి యజమాని లేడు. నీరు ఎంత ఉండాలో నీటిపారుదల శాఖ చూస్తుంది. ఒడ్డు చాలా చోట్ల అటవీశాఖది, చేపలు మత్స్యశాఖవి, లాంచీలు పర్యాటక శాఖవి, దీవి పురావస్తు శాఖది. ఏడాదిలో మూడు నెలలు నేలగా, తొమ్మిది నెలలు నీరుగా ఉండే ఆ చోటు ఎవరి దస్త్రంలోనూ పూర్తిగా పడదు.

ఆ పట్టీ ఎలా ఉంటుందో చూడాలంటే సంగమేశ్వరం వెళ్ళాలి. నంద్యాల జిల్లాలో కృష్ణ, తుంగభద్ర, భవనాశి మొదలైన ఏడు నదులు కలిసే చోటుగా భక్తులు కొలిచే క్షేత్రం అది; గర్భగుడిలోని లింగం వేపకర్రతో చేసిందని, ధర్మరాజు ప్రతిష్ఠించాడని నమ్మకం. శ్రీశైలం జలాశయం వచ్చినప్పటి నుంచి ఆ గుడి ఏడాదిలో ఎక్కువ కాలం నీటిలోనే ఉంటూ వేసవిలో బయటపడుతోంది. తెలంగాణ వైపు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ముంపుకు ముందే ఊడదీసి ఆలంపురంలో తిరిగి కట్టారు. ఇక్కడి గుడికి ఆ అవకాశం రాలేదు.

నేను మొదటిసారి వెళ్ళింది ఒక మే నెలలో. గుంటూరు నుంచి రాత్రి బయలుదేరి తెల్లవారేసరికి ఒడ్డుకు చేరాను. నీరు దిగిన నేల పలకలు పలకలుగా చీలి, అడుగు వేస్తే అంచులు కరకరమని విరుగుతున్నాయి. గోడ దగ్గరికి వెళ్ళి చెయ్యి ఆనించాను. ఛాతీ ఎత్తు వరకు రాతి మీద తెల్లని పొర, గోరుతో గీరితే పిండిలా రాలేది. ఆ పైన ఎండిన నాచు బూడిద రంగు చారలు. రెండు రాళ్ళ నడుమ సున్నం ఉండవలసిన చోట ఖాళీ, ఆ ఖాళీ నిండా చిన్న చిన్న నత్తగుల్లలు. ఉత్తరం వైపు గోడలో ఒక పగులులో నా చూపుడు వేలు మొదటి కణుపు దాకా దూరింది, లోపల తడి తగిలింది. ఇంకోచోట ఎవరో భక్తితోనే సిమెంటుతో పూత పూశారు; ఆ పూత చుట్టూ రాయి మరింతగా చిట్లి ఉంది, ఎందుకంటే సున్నపు అతుకు వదిలినట్టు సిమెంటు లోపలి తడిని బయటికి వదలదు, ఆ తడి పక్కనున్న మెత్తని రాతి మీద పడుతుంది.

ఆ రోజు జరిగిన ఇంకొక సంగతి నన్ను వదలడం లేదు. కూలిన రాళ్ళ దగ్గర ఒక యువకుడు అరచేతంత శిల్పం ముక్కను సీసా నీళ్ళతో కడుగుతున్నాడు. పూలతీగ చెక్కడం అది. కడిగి తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. "అది ఇక్కడిదే కదా, ఇక్కడే ఉంచు నాయనా" అన్నాను. అతడు కోపం తెచ్చుకోలేదు, దబాయించలేదు. "ఎలాగూ మళ్ళీ మునిగిపోయేదే కదా సార్, ఇంట్లో పూజలో పెట్టుకుంటే మంచిదే కదా" అన్నాడు. అతడి మాటలో దొంగతనం లేదు. నీళ్ళలోకి పోయేది ఎవరికీ చెందదు అని మనందరం అనుకుంటున్న మాటే అతడు పైకి అన్నాడు. చివరికి నచ్చజెప్పి ఆ ముక్కను తిరిగి పెట్టించగలిగాను కానీ, అంతకు ముందూ ఆ తరువాతా ఎన్ని సంచుల్లో ఎన్ని ముక్కలు వెళ్ళాయో ఎవరు చెప్పగలరు? ఊరికి వచ్చాక ఫోటోలు జతచేసి సంబంధిత కార్యాలయానికి రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. ఫోన్ చేస్తే, "నీళ్ళలో ఉన్నవాటికి మేమేం చేస్తామండీ" అని ఒకాయన మర్యాదగానే అన్నారు. ఆ యువకుడి మాటకూ ఈ మాటకూ పెద్ద తేడా నాకు కనిపించలేదు.

నీటి కింది వారసత్వం గురించి ప్రపంచ దేశాలు ఒక ఒప్పందం రాసుకున్నాయి. యునెస్కో సర్వసభ్య సమావేశం 2001 నవంబరు 2న దాన్ని ఆమోదించింది, 2009 జనవరి 2 నుంచి అమల్లోకి వచ్చింది. వీలైనంతవరకు ఉన్నచోటే కాపాడటం మొదటి మార్గం కావాలి, వ్యాపారం కోసం తవ్వకూడదు, అమ్మకూడదు అన్నవి అందులోని ముఖ్య సూత్రాలు. పని ఎలా చేయాలో చెప్పే 36 నియమాల అనుబంధం కూడా ఉంది. అయితే అందులోని నిర్వచనాన్ని మొదటిసారి చదివినప్పుడు నా మనసు చివుక్కుమంది. పూర్తిగా గానీ కొంతగానీ, ఎప్పుడూ గానీ అప్పుడప్పుడూ గానీ, కనీసం 100 ఏళ్ళు నీటిలో ఉన్న మనుషుల ఉనికి ఆనవాళ్ళనే అది నీటి కింది వారసత్వంగా లెక్కిస్తుంది. పదిహేడు వందల ఏళ్ళ నాటి విజయపురి ఆ కొలతకు అందాలంటే 2067 దాకా ఆగాలి. సంగమేశ్వరం ఇంకా ఆగాలి. ఓడల శిథిలాలను మనసులో పెట్టుకుని రాసిన ఆ వాక్యానికి, మన తరంలోనే మనం ముంచిన రాజధానులు తట్టలేదు.

కానీ అక్కడ ఆగిపోనవసరం లేదు. నదులు, సరస్సుల వంటి లోపలి నీళ్ళకు కూడా ఆ 36 నియమాలను వర్తింపజేసుకునే వీలును ఆ ఒప్పందమే దేశాలకు ఇస్తోంది. మన 1958 నాటి పురావస్తు కట్టడాల చట్టం గానీ, 1972 నాటి పురావస్తువుల చట్టం గానీ కట్టడం వయసునూ వస్తువు వయసునూ చూస్తాయి, అది నీటిలో ఎన్నేళ్ళు ఉందని అడగవు. కాబట్టి సంగమేశ్వరంలోని ఆ పూలతీగ ముక్క మునిగి ఉన్నా తేలి ఉన్నా పురావస్తువే. కొత్త చట్టం కోసం ఎదురుచూడకుండా, ఉన్న చట్టాన్ని నీటి అంచు దాకా తీసుకువెళ్ళడమే మన ముందున్న పని. నీటి కింద పనిచేయగల విభాగం కూడా పురావస్తు సర్వేక్షణ శాఖకు 2001 నుంచి ఉంది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ అంతకు ముందే, 1980లలో, ఎస్.ఆర్. రావు నాయకత్వంలో ద్వారక దగ్గర సముద్రంలో పరిశోధించింది. వాళ్ళ దృష్టి ఎక్కువగా సముద్రం మీదే నిలిచింది. జలాశయాల మీద కూడా పడాలని నా కోరిక.

సముద్రం మాట వచ్చింది కాబట్టి మోటుపల్లి గురించి చెప్పకుండా ఉండలేను. గుంటూరు నుంచి బాపట్ల, చీరాల మీదుగా వెళితే, వీరభద్రస్వామి గుడి దగ్గర ఒక శాసన స్తంభం ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన అభయ శాసనం అది. తుఫానుకు చిక్కి పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నింటినీ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని, ప్రాణం కంటే ధనం గొప్పదనుకుని సముద్రానికి తెగించి వచ్చే వర్తకుల మీద దయతో తాను నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆయన అందులో మాట ఇచ్చాడు. దాదాపు ఏడువందల ఎనభై ఏళ్ళ కిందట మన తీరంలో ఒక రాజు, పగిలిన ఓడ దొరికినవాడి సొత్తు కాదని రాతి మీద చెక్కించాడు. ఇక 1998లో ఇండోనేషియాలోని బెలితుంగ్ దీవి దగ్గర సముద్ర దోసకాయలు అనే జీవుల కోసం మునిగినవాళ్ళకు 9వ శతాబ్దపు అరబ్బు ఓడ ఒకటి కనిపిస్తే, ఒక ప్రైవేటు సంస్థ దాదాపు 60,000 చైనా పింగాణీ పాత్రలను పైకి తీసి అమ్మింది. వాటితో అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ తలపెట్టిన ప్రదర్శన పురావస్తు పండితుల అభ్యంతరాలతో 2011లో ఆగిపోయింది. పాత్రలు మిగిలాయి. ఏ పాత్ర ఏ పాత్ర పక్కన, ఏ అరలో, ఎవరి సరుకుతో కలిసి ఉందో తెలిపే ఆనవాళ్ళలో చాలా భాగం శాశ్వతంగా పోయింది. మచిలీపట్నం, నిజాంపట్నం తీరాల్లో వలలు మళ్ళీ మళ్ళీ ఒకేచోట చిక్కుకునే తావులు అక్కడి మత్స్యకారులకు తెలుసు. ఆ తావుల్లో రాయి ఉందో, చెట్టు మొద్దు ఉందో, ఓడ ఉందో వాళ్ళను అడిగి రాసుకునే పని ముందు జరగాలి; పైకి తీయడం గురించి ఆ తరువాత ఆలోచించవచ్చు. స్వీడన్‌లో 1628లో మునిగిన వాసా ఓడను 1961లో పైకి తీశాక, కర్ర చిట్లకుండా 17 ఏళ్ళపాటు రసాయనం చల్లవలసి వచ్చింది. ఉప్పునీటిలో నానిన కర్రను తీసి ఎండలో పెడితే కొన్ని వారాల్లోనే ముడుచుకుని పగిలిపోతుంది.

మన నది దగ్గరికే వస్తే, విజయవాడలో నీటి కింద పని ఎంత కష్టమో 2024 సెప్టెంబరులో అందరం చూశాం. 11.43 లక్షల క్యూసెక్కుల వరదకు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లకు గుద్దుకున్న పడవలను తీయడానికి గజ ఈతగాళ్ళు బురదనీటిలో దిగి రోజుల తరబడి ఇనుమును కోశారు. కళ్ళ ముందు ఉన్న పడవకే అంత శ్రమ అయితే, చూపు ఆనని ఆ నీటిలో ఒక పునాదిని కొలవడం ఎంత ఓపికతో కూడిన పనో ఊహించుకోవచ్చు. అదే ఏడాది ఫిబ్రవరిలో రాయచూరు దగ్గర కృష్ణ మీద వంతెన పనులు జరుగుతుంటే దశావతారాలు చెక్కిన విష్ణు విగ్రహం, శివలింగం నదిలో బయటపడ్డాయి. అవి పెద్దవి కాబట్టి కనిపించాయి. ఇసుక తవ్వే యంత్రం బొక్కెనలో పడి లారీ ఎక్కే నాణెం, పెంకు, శాసనపు ముక్క ఎవరికీ కనిపించవు. ఇసుక రీచ్‌కు అనుమతి ఇచ్చే ముందు ఆ చోట పాత రేవు గానీ గుడి గానీ ఉండేదా అని ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు, చాలా వరకు నష్టం ఆగుతుంది.

చైనాలో యాంగ్జీ నది మీద పెద్ద ఆనకట్ట కట్టినప్పుడు బైహెలియాంగ్ అనే రాతిగట్టు మునిగింది. కరువు ఏళ్ళలో నీరు ఎంత దిగిందో 8వ శతాబ్దం నుంచి ఆ గట్టు మీద చెక్కుతూ వచ్చారు. చేప బొమ్మ కన్నును నీటిమట్టానికి గుర్తుగా పెట్టుకున్నారు. ఆ గట్టును కదల్చకుండా ఉన్నచోటే రక్షణ గోడ కట్టి, సందర్శకులు నది అడుగుకు దిగి కిటికీల్లోంచి చూసేలా 2009లో ప్రదర్శనశాల తెరిచారు. నేను రోజూ పేపర్లో చూసే పట్టికను వాళ్ళు పన్నెండు వందల ఏళ్ళపాటు రాతి మీద రాసుకున్నారని చదివినప్పుడు ఒళ్ళు పులకరించింది. అంత ఖర్చు మన దగ్గర ఇప్పుడు సాధ్యం కాదని తెలుసు, దాని కోసం పట్టుబట్టను కూడా.

చేయగలిగినవి చాలా చవకవి. జలాశయాల్లో ఒండ్రు ఎంత చేరిందో తెలుసుకోవడానికి పడవ మీద ధ్వనితరంగాల పరికరంతో అడుగును కొలుస్తారు. అదే సమాచారాన్ని పురావస్తు శాఖకు ఇస్తే, అడుగున గోడల గీతలు ఎక్కడ తేలి ఉన్నాయో, ఎక్కడ కప్పబడ్డాయో వేరే ఖర్చు లేకుండా తెలుస్తుంది. ముంపుకు ముందు నష్టపరిహారం కోసం ఇళ్ళు, బావులు, గుడులు లెక్కగట్టిన భూసేకరణ దస్త్రాలు, గ్రామ నక్షాలు ఉంటాయి. చెదలు పట్టకముందే వాటిని స్కాన్ చేసి, నిర్వాసితుల్లో ఇంకా మిగిలి ఉన్న పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని, ఏ ఇల్లు ఎక్కడ, ఏ రాయి దగ్గర జాతర అని రాసుకోవాలి. రెండు కొండల మధ్య సందును చూసి బజారును గుర్తుపట్టిన మా తాతయ్య లాంటివాళ్ళు ఇప్పుడు ఎనభైలు దాటారు. దీనికి వచ్చే వేసవి దాకా ఆగడం కూడా నాకు భయంగానే ఉంది.

ఇక ఆ అంచును కాపు కాయవలసింది అక్కడే బతికేవాళ్ళు. పుట్టి మీద వల వేసేవాళ్ళు, లాంచీ నడిపేవాళ్ళు, వేసవిలో గుడి దగ్గర కొబ్బరికాయలు అమ్మేవాళ్ళు అక్కడ ఏడాది పొడుగునా ఉంటారు, మేం రెండు రోజులు ఉండి వస్తాం. వాళ్ళకు నెలకు ఇంతని గౌరవ వేతనం ఇచ్చి, వచ్చినవాళ్ళను ఏ దారిన నడిపించాలో, ఏ గోడ ఎక్కనివ్వకూడదో, లంగరు ఎక్కడ వేయకూడదో నేర్పితే, సందర్శకుల వల్ల వచ్చే డబ్బు వాళ్ళ చేతికి అందుతుంది, రాయి కూడా మిగులుతుంది. మునిగిన ఊళ్ళవాళ్ళ పిల్లలే ఇప్పుడు చాలామంది ఆ నీటి మీద వల వేస్తున్నారు కాబట్టి, ఆ రాళ్ళ మీద మొదటి హక్కు కూడా వాళ్ళదేనని నేను నమ్ముతాను. భక్తులు మరమ్మతు చేయాలనుకుంటే తప్పు కాదు, కానీ సిమెంటు వాడకుండా, తెలిసినవాళ్ళు చెప్పిన సున్నంతో చేయాలి. జేసీబీతో బురద తీసే పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టుకోకూడదు. ఆ బురదతో పాటే మెట్ల అంచులు లేచి వస్తాయి.

నాలుగేళ్ళుగా మేం ముగ్గురు మిత్రులం ఒక చిన్న పని చేస్తున్నాం. ప్రతి వేసవిలో సంగమేశ్వరం వెళ్ళి, అవే చోట్ల నిలబడి, పక్కన స్కేలు పెట్టి అవే గోడల ఫోటోలు తీస్తాం. తేదీ, ఆ రోజు జలాశయం మట్టం, జీపీఎస్ అంకెలు ఒక నోటుపుస్తకంలో రాస్తాం. ఏ రాయినీ కదల్చం, ఏదీ తీసుకురాం. మొదటి ఏడాది నా చూపుడు వేలు మొదటి కణుపు దాకా దూరిన పగులులో ఈ ఏడాది రెండో కణుపు దాకా దూరింది. ఈ ఉదయం పేపర్లో, జూరాల నుంచి శ్రీశైలానికి ఇన్‌ఫ్లో మొదలైందని ఉంది. మమ్మల్ని ఏటా ఒడ్డు దాటించే పుట్టి ఆయనకు ఫోన్ చేసి, ఉత్తరపు గోడను ఇంకొక్కసారి స్కేలుతో సహా ఫోటో తీసి పంపమని అడిగాను. "గాలి ఎక్కువగా ఉంది, సాయంత్రం వెళతా సార్, రెండు రోజులైతే అక్కడికి నీళ్ళొచ్చేస్తాయి" అన్నాడు.